తువ్వాలు కింద వేలం

దేవానందంగారి గొంతు గురించి సీతాఫల్‌మండిలో ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు, ఆ తర్వాతే చెబుతారు. ఆయన వరండాలో నిలబడి భార్య ఎమిలీగారిని కాఫీ అడిగితే రెండిళ్ళ అవతలావిడ కూడా స్టవ్ వెలిగించేదట. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో, తుకారాం సేఠ్‌గారి కమీషన్ దుకాణంలో, ముప్పై ఒక్క ఏళ్ళు వేలం పాడిన గొంతు అది. లారీ హారన్ కొడుతున్నా టమాటా ధర వినబడాలి కదా, అలా తయారైంది.

మార్కెట్లో ఆ గొంతు ఏడాది పొడుగునా పనిచేసేది. చర్చిలో మాత్రం ఒక్క రోజే, కోతకాల పండుగనాడు. రైలు పట్టాల పక్కనున్న వాళ్ళ తెలుగు చర్చిలో ఆ ఆదివారం ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి ముందు బల్ల దగ్గర పెడతారు. పెరట్లో కాసిన ఆనపకాయ, ఇంట్లో పట్టిన పచ్చడి, కోడిపుంజు, కేకు, అరటిగెల, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వాటి మీద ప్రార్థన చేస్తారు. తర్వాత బయట షామియానా కింద వేలం. వచ్చింది చర్చి పనులకు పోతుంది.

అక్కడ దేవానందంగారు ఒక ఆనపకాయని చేతుల్లోకి తీసుకుంటే పది నిమిషాలు కదలనిచ్చేవారు కాదు. "ఈ ఆనపకాయని చూడండి, ఎంత సాధువో. ఏ కూరలో వేసినా నోరెత్తదు. ఇలాంటి కోడలు మీలో ఎంతమందికి దొరికింది" అని మొదలుపెట్టేవారు. అత్తలంతా ఒకవైపు, కోడళ్ళంతా ఒకవైపు చేరి పాట పెంచేవాళ్ళు. కమిటీ మెంబరు ఒక ధర అంటే "మరి బావమరిదిగారు తల వంచుకున్నారేం, చెప్పులు పోయాయా" అని రెచ్చగొట్టేవారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. పాస్టరు జ్ఞానశేఖర్‌గారికి ఆయన పాట మొదలయ్యాక తన ప్రసంగం ఎవరికీ గుర్తుండదని తెలుసు. పాపం, ఏమీ అనుకునేవారు కాదు.

ఈ జనవరిలో ఆయనకి థైరాయిడ్ గడ్డకి ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, వెంట గొంతూ పోయింది. మాట్లాడబోతే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఒక సన్నని శబ్దం. నరం అలిగిందని, ఆరు నెలల్లో రావచ్చని, రాకపోనూ వచ్చని డాక్టరు చెప్పాడు. ఆరు దాటి ఎనిమిదయ్యాయి. మైకు పెట్టి చూద్దామని ఒక ఆదివారం ప్రయత్నిస్తే కుక్కర్ కూత వేసినట్టు చర్చంతా స్స్‌మంది. సండే స్కూల్ పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. ఆ తర్వాతి వారం నుంచి ఆయన చర్చికి వెళ్ళడం మానేశారు. మార్కెట్‌కి అంతకుముందే మానేశారు. తుకారాం సేఠ్ కాటా దగ్గర కూర్చోమంటే, పాడేవాణ్ణి తూకం చూడమంటారా అని చీటీ రాసి ఇంటికొచ్చేశారు.

ఇంట్లో మాటలన్నీ నోటు పుస్తకంలోకి మారాయి. ఆయన కోపంగా రాసి ముందుకి తోస్తే, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఎమిలీగారు ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, మార్కులు వేసి తిరిగిచ్చేవారు. ఒకరోజు "నా బాధ నీకు తెలియదు" అని రాశారు. ఆవిడ పదికి ఎనిమిది వేశారు. రెండు మార్కులు ఎందుకు పోయాయని సైగ చేస్తే, "నాకు తెలుసు కాబట్టి" అన్నారు.

అక్టోబరు చివర్లో జ్ఞానశేఖర్‌గారు ఇంటికొచ్చారు. పండుగ దగ్గరపడిందని, వేలానికి రమ్మని. దేవానందంగారు పేజీ నిండా రాసిచ్చారు. అది ఎమిలీగారు ఇప్పటికీ దాచారు. "దేవుడికి నా దగ్గర ఏదైనా కావాలంటే చాలా ఉన్నాయి అయ్యగారూ. మోకాళ్ళున్నాయి, పళ్ళున్నాయి, ఈ పొట్టుంది. ఏది తీసుకున్నా కిక్కురుమనేవాణ్ణి కాను. అవన్నీ వదిలేసి గొంతే ఎందుకు తీసుకున్నట్టు? ఆయనకి పనికొచ్చే సామాను నా దగ్గర అదొక్కటే కదా. అది లేకుండా నేనక్కడికొచ్చి ఏం చెయ్యాలి?"

పాస్టరుగారు చదువుతూ, పొట్ట మాట దగ్గర నవ్వారు. చివరికొచ్చేసరికి నవ్వు పోయింది.

"ఎందుకు తీసుకున్నాడో నాకు తెలీదండీ. తెలిసినట్టు చెప్పినా మీరు నమ్మరు. కానీ ఇదే ప్రశ్న ఆయన్నే అడుగుతూ ఉండండి."

"అడగడానికి గొంతేదీ" అని రాశారు దేవానందంగారు.

"ఆయనకి గట్టిగా అంటేనే వినబడుతుందని ఎవరు చెప్పారు మీకు? అంత గట్టిగా కావాల్సింది మా కమిటీవాళ్ళకండీ" అని టీ తాగేసి లేచారు. గుమ్మం దగ్గర ఆగి, ఈసారి వేలం కమిటీ సెక్రటరీ రోనాల్డ్ వాట్సాప్‌లో పెడతానంటున్నాడని చెప్పారు. ఫోటో పెడతాడట, జనం ధర టైపు చేస్తారట. దేవానందంగారు ఆ రోజు అన్నం సగంలో లేచారు.

పండుగకి మూడు రోజుల ముందు తుకారాం సేఠ్ ఆటో ట్రాలీలో కూరగాయలు వేసుకొచ్చారు. ఆయన చర్చి మనిషి కాదు. ఆయన తండ్రి పాండురంగడి భక్తుడు, ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. అయినా దేవానందంగారు దుకాణంలో చేరిన ఏటి నుంచీ ఈ పండుగకి ఆయన సంచులు రావాల్సిందే.

"ఏందయ్యా దేవానందం, మూతి గిట్ల పెట్టినవ్. నీ లెక్క ఒర్రేటోడు లేక మార్కెట్ల టమాట సుత పరేషాన్ల ఉన్నది."

"మీరైనా చెప్పండి అన్నయ్యగారూ. ఆదివారం రానంటున్నారు. నెలల తరబడి దేవుడి మీద అలక" అన్నారు ఎమిలీగారు.

"అలగనీయి టీచరమ్మా. మా ఇంటామె శ్యామలమ్మ అలిగితె నేనే పోయి బతిమాలుత. దేవుడు సుత వస్తడేమో, జెర ఆగి చూద్దాం."

అంటూనే సేఠ్ భుజం మీది తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకుని ముందుకి చాపారు. "గా కాకరకాయ సంచి ఎంతకిస్తవ్, చెప్పు."

దేవానందంగారి చెయ్యి ఆయన్ని అడక్కుండానే తువ్వాలు కిందికి పోయింది.

మార్కెట్లో ఇదొక పద్ధతి. పెద్ద సరుకు దిగినప్పుడు, ధర పక్క దుకాణానికి తెలియకూడదనుకుంటే, అమ్మేవాడూ కొనేవాడూ ఒక గుడ్డ కింద చేతులు కలుపుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అయిదూ కలిపి నొక్కితే అయిదు. వేలికి పదా, వందా అన్నది ముందే అనుకుంటారు. మొహాలు మాత్రం వాన పడేలా ఉందా అన్నట్టు ఆకాశం వైపు ఉంటాయి. చుట్టూ వందమంది నిలబడ్డా లోపల ఏం జరిగిందో చీమకి కూడా తెలియదు.

ఆ వరండాలో ఇద్దరూ ఎలాగూ దానంగా తెచ్చిన కాకరకాయల మీద పావుగంట బేరమాడారు. ఒకరు నొక్కితే ఇంకొకరు విదిలిస్తారు. సేఠ్ పిల్లి కళ్ళు మూసుకున్నట్టు మొహం పెడితే దేవానందంగారికి నవ్వొచ్చింది. శబ్దం లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ఎమిలీగారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. జనవరి తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"ఇందుల నోరేడున్నదయ్యా" అన్నారు సేఠ్.

దేవానందంగారు ఆయన చెవి దగ్గరికి వంగారు. "చర్చిలో ఇదా సేఠ్? ఇది దాపరికం బేరం."

"దాచుడంత దొంగతనమేనా? మా అమ్మ ఉపాసమున్నా ఎవ్వరికి చెప్తుండె కాదు. గది సుత దొంగతనమేనా?"

సేఠ్ వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఎమిలీగారు లేచేసరికి దేవానందంగారు వరండాలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని, అది తెరవకుండా, తన రెండు చేతుల వైపు మార్చి మార్చి చూసుకుంటున్నారు. ధర్మం చేసేటప్పుడు కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట ఆయన వందసార్లు వినుంటారు. అయితే అది చదివే ఆదివారాలు ఎక్కువగా కోతకాలంలోనే వచ్చేవి, ఆయన మనసు అప్పటికే షామియానా కింద ఉండేది. నోటు పుస్తకం తీసి రాశారు: "ముప్పై ఏళ్ళు ఎవరి కుడి చెయ్యి ఎంత ఇచ్చిందో సికింద్రాబాద్ మొత్తానికి నేనే అరిచి చెప్పానే."

ఎమిలీగారు ఎర్ర పెన్ను తీసి పదికి పది వేశారు.

దాని కింద ఆయన ఇంకో మాట రాశారు. ఎలీనా.

ఎలీనా ఆస్పత్రిలో ఆయాగా చేస్తుంది. ఇద్దరు పిల్లలతో ఒక్కతే ఉంటుంది. నాలుగేళ్ళ కిందట పండుగకి ఆమె ఒక కొత్తిమీర కట్ట తెచ్చి బల్ల చివర పెట్టింది. దేవానందంగారు వేలంలో దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "దీన్ని తెచ్చినవారికి వందనాలు, కనబడాలంటే కళ్ళజోడు తెచ్చుకోండి" అన్నారు. అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఎలీనా ఏదో ఒకటి తెచ్చి పెడుతుంది, ప్రార్థన కాగానే గేటు దాటి వెళ్ళిపోతుంది. వేలానికి ఎప్పుడూ ఆగలేదు. ఆయనకి అది తెలుసు. ఎప్పుడూ ఆ వైపు ఆలోచించదలుచుకోలేదు, అంతే.

ఆదివారం దేవానందంగారు తెల్ల తువ్వాలు మడత పెట్టి చంకలో పెట్టుకుని చర్చికి బయలుదేరారు. జ్ఞానశేఖర్‌గారు సంగతి విని, మొదట రోనాల్డ్, తర్వాత మీరు అన్నారు.

"టవల్ కింద ఏంటంకుల్, మ్యాజిక్ షోనా?" అన్నాడు రోనాల్డ్.

రోనాల్డ్ వేలం షురూ అయింది. బీరకాయల ఫోటో గ్రూపులో పెట్టాడు. రెండొందల తలలు ఫోన్లలోకి వంగాయి. ఒక్క నిమిషంలో పదహారు చేతులు జోడించిన బొమ్మలు, తొమ్మిది పావురాలు, ఒక గుడ్ మార్నింగ్ గులాబీ వచ్చాయి. ధర ఒక్కరూ పెట్టలేదు. "ప్లీజ్ బిడ్ ఓన్లీ" అని రోనాల్డ్ టైపు చేస్తే దానికి ఇరవై ఇద్దరు ఆమేన్ అన్నారు. ఆనపకాయ ఫోటోకి ఎవరో పెద్దాయన పొరపాటున తన కరెంటు బిల్లు పంపాడు. చివరికి రోనాల్డే ఫోన్ జేబులో పెట్టుకుని, "అంకుల్, మీరు రండి" అన్నాడు.

దేవానందంగారు స్టూలు మీద కూర్చుని చేతి మీద తువ్వాలు కప్పుకున్నారు. ఎమిలీగారు పక్కన నిలబడి క్లాసుకి చెప్పినట్టు చెప్పారు. "ఒక్కొక్కరూ రావాలి. తువ్వాలు కింద చెయ్యి పెట్టాలి. ఒక వేలు పట్టుకుంటే వంద. అయిదూ నొక్కితే అయిదొందలు, మళ్ళీ నొక్కితే మళ్ళీ అంత. ఎవరూ నోరు తెరవకూడదు. ఎక్కువ పాడినవారికి వస్తువు ఇస్తారు, ఆ మొత్తం కవర్లో వేసి కానుకపెట్టెలో వేసెయ్యండి. ఎవరెంత పాడారో ఆయన నాకు కూడా చెప్పరు."

మొదట గోంగూర పచ్చడి జాడీ. మొదట వచ్చింది వార్డెనమ్మ. మిషన్ హాస్టల్‌లో వార్డెన్‌గా చేసి రిటైరైన ఎనభై ఏడేళ్ళ ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడ తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. ఎవరో తన చెయ్యి పట్టుకోవడం తెలిసింది. పుట్టిన దగ్గర నుంచి చర్చిలో పెరిగిన మనిషి, చెయ్యి కలిస్తే ఏం చేస్తుంది? తల వంచింది, కళ్ళు మూసింది.

"ప్రభువా" అంది.

అంతే, షామియానా కిందున్న రెండొందల మందీ అలవాటు ప్రకారం కళ్ళు మూసేశారు.

"ప్రభువా, ఈ బిడ్డ గొంతు మీద నీ చెయ్యి వెయ్యి" అని వార్డెనమ్మ అయిదు వేళ్ళూ కలిపి గట్టిగా నొక్కింది. దేవానందంగారు ఉలిక్కిపడ్డారు. "ఇతని భార్య కన్నీళ్ళు చూడు" అని మళ్ళీ నొక్కింది. వెయ్యి. ఎమిలీగారు కన్నీళ్ళేవని కళ్ళు తెరవబోయి, మళ్ళీ మూసుకున్నారు. పిల్లల పరీక్షల కోసం ఒకటి, రోగుల కోసం ఒకటి, ఆర్టీసీ డ్రైవర్ల కోసం ఒకటి. ప్రతి మనవికీ ఒక నొక్కు. మిషనరీల దగ్గరికొచ్చేసరికి గోంగూర జాడీ ధర గంట గోపురానికి రంగు వేయించేదాకా వచ్చింది. దేవానందంగారు చెయ్యి లాక్కుందామంటే హాస్టల్ పిల్లల్ని పట్టుకున్న పట్టు అది, వదలదు. ఆయన మొహం ఎర్రబడింది, భుజాలు ఎగురుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక కన్ను తెరిచి చూసినవాళ్ళు ఆయన ఆత్మలో కదిలిపోయారనుకున్నారు.

"ఆమేన్" అంది వార్డెనమ్మ. "ఆమేన్" అన్నారు అందరూ.

దేవానందంగారు ఇంకెవర్నీ పిలవకుండా జాడీ ఆవిడ చేతిలో పెట్టారు.

"పచ్చడి నాకెందుకు నాయనా, నాకు బీపీ కదా" అంది ఆవిడ.

అప్పుడు ఎమిలీగారికి లోపల ఏం జరిగిందో అర్థమై నవ్వు మొదలైంది. అది జ్ఞానశేఖర్‌గారికి అంటుకుంది, అక్కడి నుంచి గేటు దాకా పాకింది. జాడీ మళ్ళీ వేలానికొచ్చింది.

తర్వాత వచ్చినవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా. రోనాల్డ్ తువ్వాలు కింద షేక్‌హ్యాండ్ ఇచ్చి నాలుగుసార్లు ఊపాడు, అరటిగెలకి రెండు వేల దాకా పాడానని అతనికి తర్వాత తెలిసింది. ఒకావిడకి చక్కిలిగింతలై పాట మధ్యలో పారిపోయింది. పాస్టరమ్మగారు ఇది ఎవరి చెయ్యో కూడా చూడకుండా గాజులు సరిచేసుకుంటూ మూడు వేళ్ళు పట్టుకున్నారు, తను తెచ్చిన కేకు తానే ఇంటికి తీసుకుపోయారు. ఇక కోడిపుంజు దగ్గర, ఇదంతా వెనక కుర్చీలోంచి చూస్తున్న తుకారాం సేఠ్ ఆగలేకపోయారు. కొనడానికి కాదు, పని ఎట్ల చెయ్యాలో చూపించడానికి వచ్చారు. ఇద్దరి పాత చేతులూ కలిశాయి. మొహాల్లో ఒక్క గీత కదల్లేదు. తువ్వాలు మాత్రం లోపల పిల్లి దూరినట్టు ఎగురుతోంది. జనం ఊపిరి బిగబట్టి చూశారు. అయిపోయాక దేవానందంగారు కోడిపుంజుని తీసి సేఠ్ చంకలో పెట్టారు.

"ఏ, నాకా? నేను మజాక్‌కి పట్టిన."

దేవానందంగారు బేరం బేరమే అన్నట్టు తల ఊపారు.

"శ్యామలమ్మ నన్ను కోడితోటి సహా బయటేస్తది" అన్నారు సేఠ్. అయినా దాన్ని వదల్లేదు, చివరిదాకా చంకలోనే పెట్టుకుని కూర్చున్నారు.

చివరికి అల్వాల్‌లో ఎవరిదో తోట నుంచి వచ్చిన గుమ్మడికాయ మిగిలింది, నలుగురు తింటే వారం వచ్చేది. పాడడానికి పదకొండు మంది వరసలో నిలబడ్డారు. ఆ నవ్వులకి ఎలీనా ఆ రోజు గేటు దగ్గర ఆగిపోయింది. చిన్నదాన్ని ఎత్తుకుని, పెద్దవాణ్ణి చెయ్యి పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడి చూసింది. తర్వాత చిన్నదాన్ని ఎవరికో ఇచ్చి వచ్చి వరస చివర నిలబడింది.

ఆమె చెయ్యి తువ్వాలు కిందికి రాగానే దేవానందంగారు బేరం మానేసి గొంతు కూడదీసుకున్నారు.

"కొత్తిమీర మాట తప్పమ్మా."

"ఏంటంకుల్?"

"కొత్తిమీర."

"వినబడట్లేదంకుల్."

వరసలో ఉన్నవాళ్ళందరూ ఏమిటా అని ముందుకి వంగారు. ఇక తప్పదని ఆయన ఉన్న గాలంతా పెట్టి, "ఆ రోజు నిన్ను నవ్వులపాలు చేశాను, క్షమించు తల్లీ" అన్నారు. అందరికీ వినబడింది.

ఎలీనా తలెత్తి ఆయన వైపు చూసింది. "అది అంత గట్టిగా అన్నారు కదంకుల్. ఇదింత మెల్లగానా" అంది. అని నవ్వింది, వేళ్ళు పట్టుకుంది.

ఎన్ని వేళ్ళో ఆయన ఇప్పటికీ చెప్పలేదు. ఎమిలీగారు అడిగీ అడిగీ విసిగిపోయారు. గుమ్మడికాయ మాత్రం ఎలీనాకే ఇచ్చారు. మిగతా పదకొండు మందీ, తమకన్నా ఆమె ఎక్కువే పాడి ఉంటుందని తలలూపుకుంటూ పక్కకి జరిగారు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. ఒకరు రోనాల్డ్, ఇంకొకరు తుకారాం సేఠ్. పుంజుని వార్డెనమ్మ పట్టుకుంది.

గొంతు ఇంకా రాలేదు. డాక్టరు ఇంకో పరీక్ష రాశాడు, వెళ్తారు. ఈలోగా జ్ఞానశేఖర్‌గారు ఆయన్ని ఆదివారం వాక్యపాఠం చదవమన్నారు. మైకు లేకుండానే. రోనాల్డ్ మైకు స్టాండు తెచ్చి పెడితే ఎమిలీగారు వైరు పీకేశారు. ఆ గాలి గొంతు మూడో వరస దాటి పోదు. అందుకని జనం ఏం చేస్తున్నారంటే, గంట కొట్టకముందే వచ్చి ముందు బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటున్నారు. దగ్గొచ్చినవాళ్ళు దగ్గు ఆపుకుంటున్నారు, పిల్లల చేతిలో బిస్కట్ ప్యాకెట్లు లాగేసుకుంటున్నారు. దేవానందంగారు పుస్తకం తెరిచి, ఒకసారి అందరి మొహాలూ చూసి, నెమ్మదిగా మొదలుపెడతారు. ఇంతకాలం చర్చిలో తానే మాట్లాడుతున్నాననుకున్నానని, ఇప్పుడు చదువుతుంటే తనకే మొదటిసారి వినబడుతోందని ఎమిలీగారితో అన్నారట.

"నేను కూడా గొంతు తగ్గించి ప్రసంగం చేసి చూశానండీ, నిద్రపోయారు" అని జ్ఞానశేఖర్‌గారు వాపోతున్నారు. ఆ చర్చిలో ఇప్పుడు ఆలస్యంగా వచ్చినవాళ్ళకి వెనక బెంచీలే మిగులుతున్నాయి. గేటు దగ్గర చెప్పులు విడిచి, ముందు చోటు కోసం పరుగెత్తేవాళ్ళలో ఎలీనా పిల్లలు ఎప్పుడూ మొదటివాళ్ళే.